మేకలు తాగిన సముద్రం

హురూకు డెబ్భై ఎనిమిదేళ్ళు. అందులో సగం జీవితం సముద్రం కనబడేంత దూరంలోనే గడిచింది. అయినా పడవ ఎక్కడం మాత్రం ఆ రోజే మొదలు. ఒక కాలు రేవు మెట్టు మీద, ఒక కాలు పడవలో పెట్టి, రెండు కాళ్ళ మధ్యా నీళ్ళు వెడల్పవుతూ ఇరుకవుతూ ఉంటే చూసి, ఇక కదలనంది.

“ఇది కాసేపు కుదురుగా నిలబడదా?” అని అడిగింది.

“పడవ పెద్దమ్మా, గాడిద కాదు. అదిలిస్తే ఆగదు,” అన్నాడు సెలామి. పడవ అతనిదే.

“గాడిదే నయం అబ్బీ. ఎక్కిందాకా నిలబడతది.”

నజ్మీ చెయ్యి అందించాడు. ఆమె ఆ చెయ్యి వదిలేసి అతని మెడ పట్టుకుంది. అలాగే ఇద్దరూ పడవలోకి ఒరిగారు. సెలామి పడవ మధ్యలో వేసిన పరుపు మీద ఆమెను కూర్చోబెట్టాక, ఆమె తలగుడ్డ సర్దుకుని, ఏమీ జరగనట్టు చుట్టూ చూసింది.

“పోనీయ్ ఇంక. నన్ను చూస్తా కూర్చుంటారేంది?”

నజ్మీ ఆమె చెల్లెలి మొగుడు. ముప్ఫై రెండేళ్ళు బడిలో భూగోళం చెప్పి దిగిపోయిన మాస్టారు. ఆ ఊళ్ళో యాభై లోపు మగవాళ్ళలో సగంమంది ఆయన దగ్గర తన్నులు తినకుండా చదువుకున్నవాళ్ళే. సెలామి కూడా వాళ్ళలో ఒకడు. భూగోళంలో రెండుసార్లు తప్పాడు. ఆ సంగతి మాస్టారు ఎప్పుడో మరిచిపోయాడు గాని సెలామి మరిచిపోలేదు.

ఏప్రిల్ నెల. రేవు వెనక నారింజ తోటలు పూతలో ఉన్నాయి. పడవ మలుపు తిరిగేదాకా ఆ వాసన వెంట వచ్చింది. నజ్మీ దగ్గర మూడు వస్తువులున్నాయి: చుట్టిన పటం ఒకటి, టీ సరంజామా ఉన్న బుట్ట ఒకటి, అయిదు లీటర్ల ఖాళీ ప్లాస్టిక్ డబ్బా ఒకటి.

ఆ డబ్బా వెనక ముప్ఫై ఎనిమిదేళ్ళ కథ ఉంది. కొత్తగా కాపురం పెట్టిన రోజుల్లో ఒక ఆదివారం నజ్మీ తోటి ఉపాధ్యాయుల్ని భోజనానికి పిలిచాడు. తిన్నాక ఎవరో చిన్ననాటి సంగతులు ఎత్తారు. భార్య జెలిహా కూడా ఉత్సాహంగా అందుకుంది. వాళ్ళది మేకలు కాచుకుని తిరిగే యోరుక్‌ల కుటుంబం. చలికాలమంతా సముద్రం ఒడ్డున నల్లడేరా, ఎండలు ముదిరితే కొండలమీద. ఆ ఒడ్డున ఒకచోట తమ మేకలు సముద్రంలోకి దిగి నీళ్ళు తాగేవనీ, తానూ అక్కా కూడా తాగేవాళ్ళమనీ, ఆ నీళ్ళు తియ్యగా ఉండేవనీ ఆమె చెప్పింది. నజ్మీ నవ్వాడు. లీటరు సముద్రపు నీళ్ళలో ముప్ఫై ఎనిమిది గ్రాముల ఉప్పుంటుందనీ, ఆ మేకలు తన తరగతిలో ఉంటే అన్నీ తప్పేవనీ అన్నాడు. బల్ల చుట్టూ అందరూ నవ్వారు. జెలిహా కూడా నవ్వింది. రొట్టె తెస్తానని లోపలికి వెళ్ళింది. మళ్ళీ ఎన్నడూ ఆ కథ ఎత్తలేదు.

పదేళ్ళ తర్వాత ఒక పుస్తకంలో నజ్మీ చదివాడు. సున్నపురాయి కొండల్లో ఇంకిన వాన, నేల లోపలి దారుల వెంట పారి, ఒక్కోచోట సముద్రం కిందినుంచి పైకి ఉబుకుతుందట. చదివి పుస్తకం మూశాడు. ఆమెతో చెప్పాలనుకున్నాడు. మంచి సమయం చూసి చెబుదామనుకున్నాడు. అలా అనుకుంటూ ఉండగానే ఏళ్ళు గడిచాయి. మూడేళ్ళ కిందట జెలిహా పోయింది.

ఆ నీళ్ళు ఒక్క గుక్క తాగాలి. అది ఒక్కటే ఆయన కోరిక. తాగితే ఆమెతో అనవలసిన మాట అన్నట్టే అవుతుంది. ఆ రోజు బల్ల చుట్టూ నవ్వినవాళ్ళలో ఇద్దరు ఇంకా ఉన్నారు, శుక్రవారం శుక్రవారం టీ కొట్టు తోటలో పాచికలాడతారు. డబ్బా వాళ్ళకోసం.

రెండు వేసవులు వెతికాడు. ఆగస్టులో పడవ మాట్లాడుకుని, ఒంటె కొండకు కుడిపక్క కనబడిన ప్రతి ఒడ్డునా దోసిట్లో నీళ్ళు పట్టి తాగి, రాత్రంతా దాహంతో లేచాడు. జెలిహా ఆ రోజు చెప్పిన గుర్తు ఒకటే: ఒంటెకు కుడిచేతి పక్క, ఎర్ర నోరు. టెలిఫోనులో హురూ కూడా అక్షరం తేడా లేకుండా అదే చెప్పింది. ఈ వసంతంలో మోకాళ్ళు చూపించుకోవడానికి ఆమె కొండదిగి పట్నం వచ్చింది. వచ్చినప్పుడు ఇంకో మాట చెప్పింది.

“ఆగస్టులో వెతికావా? ఆగస్టులో మేము యాడుంటాం మరిదీ? కొండమీద గదా ఉంటాం. ఆ చోటు మేము చూసిందంతా వానల్లోనే.”

రేపు పొద్దున ఆమె మనవడు వచ్చి కొండకు తీసుకుపోతాడు. మళ్ళీ ఆ మోకాళ్ళతో దిగుతుందో లేదో ఎవరికీ తెలియదు. కాబట్టి ఇవాళే.

ఒంటె కొండ దూరంనుంచే కనబడింది. సముద్రంలోకి చొచ్చుకువచ్చిన గుట్ట చివర, మోకాళ్ళమీద కూర్చున్న ఒంటెలాగే ఒక పెద్ద రాయి. సెలామి పడవను దాని ఎదురుగా నిలిపి, ఇంజను వేగం తగ్గించి, కుడివైపు తిప్పాడు.

మొదటి ఒడ్డు తెల్లటి గులకరాళ్ళది. అల వెనక్కి తీసినప్పుడల్లా ఆ రాళ్ళన్నీ ఒకదానిమీద ఒకటి దొర్లి, గంపెడు గాజులు ఒలికినట్టు మోగేవి. ఆగస్టులో వచ్చినప్పుడు నజ్మీ ఈ శబ్దం వినలేదు, అప్పుడు అలలు లేవు. సెలామి అడక్కుండానే ఇంజను ఆపేశాడు. ఇలాంటివి గమనించి ఇంజను ఆపేవాడు దొరకడం తన అదృష్టమనుకున్నాడు నజ్మీ.

హురూ పడవ అంచు పట్టుకుని, చెయ్యి ముంచి, వేలు నాకి, తుపుక్కున ఉమ్మేసింది.

“ఉప్పు.”

“సముద్రం కదా పెద్దమ్మా,” అన్నాడు సెలామి.

“నాకు తెలియదా? నువ్వు పడవ సూసుకో.”

రెండో చోట ఒడ్డంటూ లేదు, కొండ కడుపులో ఒక గుహ. పడవ లోపలికి వెళ్ళగానే కింద నీళ్ళు వెలగడం మొదలైంది. ఎండ బయటనే ఉండిపోయింది గాని, దాని నీలం రంగు మాత్రం అడుగునుంచి పాకి వచ్చి ముగ్గురి గడ్డాల కిందా పడింది. పైకప్పులో పిచ్చుకలకన్నా చిన్న పక్షులు గూళ్ళు కట్టుకుని ఉన్నాయి. సెలామి ఈ దారిన ముప్ఫై ఏళ్ళుగా తిరుగుతున్నాడు.

“నేనూ ఎప్పుడూ లోపలికి రాలేదు మాస్టారూ,” అన్నాడు. “వల వెయ్యడానికి పనికొచ్చేది కాదని బయటనుంచే పోయేవాణ్ణి.”

“నీ పటంలో ఉందా?” అని హురూ నజ్మీని అడిగింది.

నజ్మీ పటం విప్పి చూశాడు. “లేదు వదినా.”

“మరి దాన్ని మోసుకు తిరుగుతావేంది?” అని, చెయ్యి ముంచి, నాకి, ఉమ్మి, “ఉప్పే,” అంది. అని మళ్ళీ ఆ నీలం వెలుగులో తన చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. “ఉప్పయితేనేం, బాగుంది. పెళ్ళికూతురి చెయ్యిలాగుంది.”

మూడో చోటు దొరికేసరికి పదకొండు దాటింది. రెండు రాళ్ళ మధ్య పడవ పట్టేంత సందు, లోపల అరచేయంత ఇసుక. పాతకాలంనాటి రాతి మెట్లు నాలుగు కొండలోంచి దిగి, నీళ్ళలోకి దిగి, నీళ్ళ కింద కూడా దిగుతూ పోయాయి. ఎవరు చెక్కారో, ఎక్కడికి దిగేవారో తెలియదు. అయిదో మెట్టు మీద చేపలు తిరుగుతున్నాయి. ఇసుకమీద ఒక పాత కారబ్ చెట్టు, దానికింద ముగ్గురికి సరిపడా నీడ. రాత్రి వాన పడినా చెట్టు కింద ఇసుక పొడిగా ఉంది.

“ఇదీ ఉప్పే,” అంది హురూ, ఈసారి ఉమ్మడానికి ముందే.

కుడిపక్కన ఇంక ఒడ్డులు లేవు. అటు తర్వాతంతా నిట్టనిలువు కొండే. సెలామి పడమటి ఆకాశం వంక చూసి, మాస్టారి ముఖం వంక చూసి, రెంటిలోనూ మబ్బు కనబడినట్టు తల గోక్కున్నాడు.

“రెండు గంటలకు గాలి లేస్తుంది మాస్టారూ. అది లేచాక పెద్దమ్మతో సముద్రం మీద ఉండకూడదు. తిని బయల్దేరదాం.”

రొట్టె, మేక జున్ను, ఆలివ్ కాయలు, పచ్చి ఉల్లికాడలు పరిచారు. సెలామి ఇసుకలో మూడు రాళ్ళు పెట్టి టీకి మంట వేశాడు. ఇంటినుంచి సీసాలో తెచ్చుకున్న నీళ్ళు కెటిల్‌లో పోశాడు. నేల తగిలాక హురూకు ప్రాణం లేచివచ్చింది. కాసేపటికి కర్ర పట్టుకుని, ఆగమన్నా ఆగకుండా, ఆ పాత మెట్ల మీదుగా కొండ ఎక్కడం మొదలుపెట్టింది.

“వదినా, మోకాళ్ళు.”

“ఎక్కేటప్పుడు నొయ్యవు. దిగేటప్పుడే.”

“మరి దిగాలిగా?”

“అప్పుడు నువ్వున్నావుగా.”

నజ్మీ ఆమె వెనకే వెళ్ళాడు. ఒక పదిహేను బారలు ఎక్కాక ఆమె ఆగి, కొండ పుదీనా గిల్లుతూ, చూడకుండానే అంది:

“దానికి నీమీద కోపం లేదు మరిదీ.”

నజ్మీ నిలబడిపోయాడు.

“నాకు చెప్పింది, నువ్వు నవ్విన సంగతి. ‘మేకలకన్నా ఎక్కువ చదివాడు, మేకలకు తెలిసింది తెలియదు’ అని పడి పడి నవ్వింది. మరి ఎందుకే మళ్ళీ చెప్పవు అంటే, చెప్పను, ఎప్పటికైనా తనే తాగుతాడు, తాగేటప్పుడు ఆ ముఖం ఎట్లుంటదో నేను సూడాల అంది. అంతే దాని ఆశ. ఒకసారి తీసుకుపొమ్మని నిన్ను అడిగిందంటగా?”

“అడిగింది, చిన్నప్పటి ఒడ్డు ఒకసారి చూద్దామని,” అన్నాడు నజ్మీ. “బడికి సెలవులిచ్చాక పోదామన్నాను. సెలవులు ఎండాకాలంలో. ఎండాకాలం మీ ఊరికే వచ్చేవాళ్ళం.”

“అదీ సంగతి,” అంది హురూ. పుదీనా కొంగున కట్టుకుంది. నడుం నిలబెట్టి, ఒళ్ళు విరుచుకుని, ఎక్కిన దారివైపు, సముద్రం వైపు తిరిగింది.

తిరిగినదల్లా అలాగే ఉండిపోయింది. కర్ర చివర ఒంటె రాయి వైపు లేచింది.

“ఇదేంది, ఒంటె అటుపక్కకు పోయింది?”

“ఎటు పోతుంది వదినా? పొద్దుటినుంచి అక్కడే ఉంది.”

“నువ్వు పడవలోనుంచి సూసినావు. నేను ఎప్పుడు సూసినాను పడవలోనుంచి? మేము మేకలతోని పైనుంచి దిగేవాళ్ళం. ఇట్లా.” ఆమె కొండకు వీపు పెట్టి, సముద్రానికి ముఖం పెట్టి, రెండు కాళ్ళూ ఎడంగా నిలబెట్టి, కుడిచెయ్యి చాచింది. ఆ చెయ్యి ఒంటె రాయి దాటి, గుట్ట దాటి, పడమటివైపు చూపించింది. “కుడిచెయ్యి ఇదీ. అన్నం తినే చెయ్యి. నువ్వు నన్ను పొద్దుటినుంచి ఎడమచేతి పక్కన తిప్పుతున్నావు.”

నజ్మీ ఆ చెయ్యి చూశాడు. చంకలో పటం చూసుకున్నాడు. రెండు వేసవులు, ఎన్ని దోసిళ్ళ ఉప్పు. జెలిహా సముద్రానికి ముఖం పెట్టే చెప్పింది. తానెప్పుడూ సముద్రం మీదనుంచే విన్నాడు. ఏడుపు వస్తోందనుకున్నాడు గాని వచ్చింది నవ్వే. అక్కడే రాయిమీద కూలబడి నవ్వాడు.

కింద టీ గ్లాసులు కడుగుతున్న సెలామి సంగతి విన్నాడు. విని, గ్లాసు పక్కన పెట్టి, నెమ్మదిగా చేతులు తుడుచుకున్నాడు.

“మాస్టారూ, ఏడో తరగతి పరీక్షలో మీరొక ప్రశ్న ఇచ్చారు. గుర్తుందా? ‘దారి చెప్పేటప్పుడు కుడి, ఎడమ అని ఎందుకు చెప్పకూడదు?’”

“అవునా?”

“అయిదు మార్కులు. నేను, ‘కుడిచెయ్యి ఏదో అందరికీ తెలుసు కాబట్టి చెప్పొచ్చు’ అని రాశాను. మీరు సున్నా వేశారు. పక్కన ఎర్ర సిరాతో ‘నిలబడినవాడు ఎటు తిరిగాడు?’ అని రాశారు. మా నాన్న అది చదివించుకుని మరీ కొట్టాడు.”

“ఒరే సెలామీ,” అన్నాడు నజ్మీ, కళ్ళు తుడుచుకుంటూ, “ఆ అయిదూ ఇచ్చేస్తానురా.”

“ఇప్పుడెందుకు మాస్టారూ, పడవ నడుపుకునేవాడికి?” అన్నాడు గాని ముఖం వెలిగింది. “లేవండి. టీ సంగతి అక్కడ చూద్దాం. గాలి లేచేలోపల గుట్ట చుట్టాలి.”

హురూను దించడం ఒక పని అయింది. ముందు సెలామి, వెనక నజ్మీ, మధ్యలో ఆమె ఇద్దరినీ తిడుతూ దిగింది. కెటిల్‌లో మరుగుతున్న నీళ్ళు మంటమీద పోసి ఆర్పి, పడవ తోశారు.

ఒంటె రాయి అవతల సముద్రం రంగే వేరు. గాలి అప్పుడే మొదలై, నీళ్ళమీద ముడతలు తెస్తోంది. పడవ ముక్కు ఒకసారి లేచి పడేసరికి ఖాళీ డబ్బా దొర్లింది. దాని మూత ఊడి గాల్లో గిరికీ కొట్టి నీళ్ళలో పడింది. సెలామి దాని వెంట చూశాడు.

“పోనీరా,” అన్నాడు నజ్మీ.

హురూ రెండు చేతులా సెలామి నడుంపట్టీ పట్టుకుంది. ముఖం మాత్రం ఒడ్డువైపు తిప్పలేదు. ఒడ్డుకు వీపు పెట్టి, సముద్రాన్నే చూస్తూ, ఒక్కోసారి భుజం మీదుగా వెనక్కి చూసి లెక్క వేసుకుంటోంది. “ఇంకా. ఇంకా పో. మా నాయన గొంగడి పరిచే బండ అది. ఇంకా పో.” ఆఖరికి, “ఆగు,” అంది.

అది నోరే. ఎర్రమట్టి రంగు రాయి పైనా కిందా పెదవుల్లా తెరుచుకుని ఉంది. సముద్రం మీదనుంచి చూస్తే పైపెదవి కిందికి వాలి, వట్టి నీడలా కనబడుతుంది. సెలామి దానిముందునుంచి వెయ్యిసార్లు పోయి ఉంటాడు. పడవ లోపలికి జారగానే గాలి వెనకనే ఆగిపోయింది. లోపల గుండ్రటి ఒడ్డు, బూడిదరంగు గులకరాళ్ళు, రాళ్ళసందుల్లో గులాబీరంగు గన్నేరు మొక్కలు. ఒడ్డుకు దగ్గరగా, నీళ్ళమీద ఒక చాపంత మేర నున్నగా ఉంది. చుట్టూ అలలు చిన్నగా కదులుతుంటే ఆ మేర మాత్రం నూనె పోసినట్టు, కింద ఏదో ఊపిరి తీస్తున్నట్టు, కాస్త ఉబ్బి ఉంది.

నజ్మీ బూట్లు విప్పి దిగాడు. మోకాలి లోతు. మొదటి రెండడుగులు మామూలు ఏప్రిల్ సముద్రం. మూడో అడుగులో చల్లదనం ఎముకలదాకా తగిలింది. కొండమీద మంచు కరిగిన చల్లదనం అది. హురూ వాళ్ళ ఊరి బావి చల్లదనం.

“అక్కడ కాదు, అక్కడ ఉప్పు కలుస్తది,” అని హురూ పడవలోంచి అరిచింది. “దించండి నన్ను.”

సెలామి ఆమెను రెండు చేతులమీద ఎత్తి ఒడ్డున దించాడు. ఆమె నీళ్ళ అంచున చతికిలబడి, రెండు చేతులా గులకరాళ్ళు తవ్వింది. చిన్నపిల్లలు తవ్వినట్టు కాళ్ళ మధ్యలోంచి వెనక్కి విసిరింది. జానెడు గొయ్యి అయ్యేసరికి అందులో నీళ్ళు ఊరాయి. మొదట మురికిగా, తర్వాత తేటగా. వేలు ముంచి నాలుకకు రాసుకుంది. ఈసారి ఉమ్మలేదు.

“రా మరిదీ.”

నజ్మీ మోకాళ్ళమీద కూర్చుని దోసిలి పట్టాడు. నోటిదాకా తీసుకువెళ్ళి ఆగాడు. హురూ అతని ముఖంలోకి ముఖం పెట్టి, కళ్ళార్పకుండా చూస్తోంది.

“ఏం చూస్తున్నారు వదినా?”

“దాని బదులు సూస్తున్నా. తాగు.”

తాగాడు. చివర ఎక్కడో ఒక ఉప్పు రవ్వ తగిలింది, అంతకుముందంతా తీపే. రాతి వాసన, కాస్త పుదీనా వాసన కూడా అనిపించింది. అది హురూ కొంగుదే అయ్యుండవచ్చు. రెండో దోసిలి తాగాడు. మూడోది తాగబోతే సగం చొక్కామీద పడింది.

“ఎలా ఉంది నా ముఖం?” అని అడిగాడు.

హురూ కాసేపు ఆలోచించింది. “మేకకు మల్లే ఉంది,” అంది.

సెలామి ఒడ్డుమీద వెల్లకిలా పడి నవ్వాడు. అతని నవ్వు ఎర్రరాళ్ళకు తగిలి తిరిగివచ్చింది. ఆ నవ్వు ఆగేదాకా నజ్మీ కూడా ఆగలేదు.

టీ ఆ గొయ్యిలో నీళ్ళతోనే పెట్టారు. మంట అంటుకోవడానికి నజ్మీ ఎండిన గన్నేరు పుల్లలు ఏరబోతే హురూ చేతిమీద కొట్టింది, అది విషం, వేరేది తెమ్మంది. సెలామి అలలు తెచ్చి పడేసిన చెక్కముక్కలు తెచ్చాడు. టీ గ్లాసులు చేతుల్లోకి వచ్చాక నజ్మీ అన్నాడు:

“వదినా, మేకల కథ మొదటినుంచి చెప్పండి.”

“నీకు తెలిసిందేగా?”

“నేను సగంలో ఆపేశాను. చివరిదాకా వినలేదు.”

ఆమె చెప్పింది. ముసలి మేకపోతు ముందు దిగేదట, మిగతావి దాని వెనక. జెలిహా బోర్లా పడుకుని మేకల మధ్య మూతిపెట్టి తాగేదట. ఒకసారి మేకపోతు దాని జడ నమిలేసిందట. నజ్మీ మధ్యలో ఒక్క మాట కూడా అనలేదు. టీ చల్లారిపోయింది, అలాగే తాగాడు.

బయల్దేరేముందు గ్లాసుతో తోడి తోడి డబ్బా నింపాడు. గుట్ట దాటేసరికి గాలి బాగా లేచింది. వెనకనుంచి తోసే గాలే గనక భయం లేదు గాని, అల తగిలినప్పుడల్లా పడవలోకి తుంపర లేస్తోంది. డబ్బా హురూ మోకాళ్ళ మధ్య ఉంది. పొద్దున ఎక్కడానికే భయపడిన మనిషి, ఇప్పుడు సెలామి నడుంపట్టీ వదిలేసి, మూత లేని డబ్బా నోటిమీద అరచెయ్యి బోర్లించి పట్టుకుని కూర్చుంది.

“పట్టీ పట్టుకో పెద్దమ్మా, పడతావు,” అన్నాడు సెలామి.

“నేను పడితే తీస్తారు,” అంది హురూ, చెయ్యి ఇంకా గట్టిగా నొక్కుతూ. “దీంట్లో సముద్రం నీళ్ళు పడితే ఎవరు తీస్తారు?”